కుదించిన వేసవి కోర్సుల్లో సస్యశాస్త్ర బోధన: గంటలు, విరామాలు, పంటకాలం

సెమిస్టరు కోర్సును ఐదారు వారాల్లో పూర్తిచేసే వేసవి బోధన అమెరికా విశ్వవిద్యాలయాల్లో చిరకాలంగా ఉంది. హార్వర్డ్‌లో వేసవి పాఠశాల 1871లోనే ప్రారంభమైంది. మన వ్యవసాయ కళాశాలల్లో అమలులో ఉన్న క్రెడిట్ విధానం కూడా ఆ దేశపు ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయాల నమూనాను అనుసరించినదే. అయితే ఇతర శాస్త్రాలకు వర్తించిన కుదింపు సస్యశాస్త్రానికి యథాతథంగా వర్తిస్తుందా అన్నది పరిశీలించవలసిన విషయం.

గంటల లెక్క

రెండు సైద్ధాంతిక, ఒక ప్రయోగ క్రెడిట్ గల కోర్సుకు వారానికి రెండు గంటల పాఠం, రెండు గంటల ప్రయోగ తరగతి ఉంటాయి. 16 వారాల సెమిస్టరులో ఇవి మొత్తం 64 గంటలు. ఇదే కోర్సును ఆరు వారాల్లో, వారానికి ఐదు రోజుల చొప్పున బోధిస్తే రోజుకు రెండు గంటలకు కొద్దిగా మించుతుంది. కాగితంపై ఇది సులభసాధ్యమే. గంటలు తగ్గవు, తగ్గేవి వాటి మధ్య విరామాలు. వారానికొకసారి జరిగే ప్రయోగ తరగతి రెండు మూడు రోజులకొకసారి వస్తుంది. మొదటి రికార్డు దిద్ది ఇచ్చేలోగా రెండవ ప్రయోగం ముగిసిపోతుంది.

జ్ఞాపకానికి కావలసిన విరామం

జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకే రోజున చేసిన 68 పునశ్చరణల ఫలితం, మూడు రోజులకు పంచిన 38 పునశ్చరణలతోనే లభించింది. ఈ దృష్టితో చూస్తే కుదించిన కోర్సు అభ్యసనానికి ప్రతికూలమనిపిస్తుంది. కాని స్కాట్, కాన్రాడ్ 1992లో ప్రచురించిన సమీక్ష ప్రకారం ఇటువంటి కోర్సుల ఫలితాలు సాధారణ కోర్సులకు మొత్తం మీద తీసిపోలేదు. విద్యార్థి దృష్టి ఒకే విషయంపై నిలవడం ఇందుకు ఒక కారణం కావచ్చు. వేసవి కోర్సును కోరి ఎంచుకునేవారు సహజంగా ఎక్కువ ఆసక్తి గలవారై ఉండే అవకాశాన్ని కూడా విస్మరించరాదు.

జ్ఞాపకానికి సంబంధించిన లోటును బోధనా ప్రణాళికతో కొంతవరకు పూడ్చవచ్చు. ప్రతి తరగతి ఆరంభంలో మూడు రోజుల క్రితం, వారం క్రితం చెప్పిన అంశాలపై రెండేసి ప్రశ్నలు వేయడం ఇందుకు సరళమైన మార్గం.

కుదించలేని కాలం

పైరు ఎదుగుదలను మాత్రం ఏ ప్రణాళికా కుదించలేదు. పెసర సుమారు 65–70 రోజుల పంట. కోర్సు మొదటి రోజున విత్తితే ఆరవ వారాంతానికి పూత, లేత కాయల దశ వరకే కనిపిస్తుంది. మొలక పరీక్షలకూ నిర్ణీత గడువులున్నాయి: పెసరకు తుది లెక్కింపు 7వ రోజున, వరికి 14వ రోజున జరగాలి.

దీనికి పరిష్కారం కోర్సుకు ముందే మొదలుకావాలి. కోర్సు ప్రారంభానికి 40 రోజుల ముందు ఒక మడి, 20 రోజుల ముందు మరొకటి, మొదటి రోజున ఇంకొకటి విత్తితే వివిధ దశలను ఒకే ఉదయం పోల్చి చూపవచ్చు. ముందుగా విత్తిన మడిలో కోత కూడా విద్యార్థుల చేతుల మీదుగానే జరుగుతుంది. అయితే ఈ ఏర్పాటుకు ఒక పరిమితి ఉంది. మూడు వయసుల పైర్లను చూడటం, ఒకే పైరును వెన్నంటి ఉండటం ఒకటి కావు. తాను ఆలస్యంగా తీసిన కలుపు దిగుబడిని ఎంత తగ్గించిందో విద్యార్థి స్వయంగా తూచి తెలుసుకోవడం రెండవ పద్ధతిలోనే సాధ్యం. రేపు రైతుకు సలహా ఇవ్వవలసిన వ్యక్తికి ఈ అనుభవం ఎంతో అవసరం.

వేసవికి అనువైన అంశాలు

వేసవిలోనే బాగా బోధించగల అంశాలూ ఉన్నాయి. సాగునీటి యాజమాన్యంలో నేల తేమ తరుగుదల ఎండాకాలంలో రోజురోజుకూ స్పష్టంగా కనిపిస్తుంది. మట్టి నమూనాను 105 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలు ఆరబెట్టి తేమ శాతం కనుగొనే ప్రయోగాన్ని వరుస రోజుల్లో చేస్తే, ఆ రీడింగులను బాష్పీభవన మాపకం రీడింగులతో సరిపోల్చవచ్చు. వారానికొకసారి జరిగే తరగతిలో ఈ కొనసాగింపు లభించదు.

నేల సౌరీకరణ మరొక ఉదాహరణ. తడిపిన నేలపై పారదర్శక పాలిథీన్ పట్టా పరచి 4–6 వారాలు ఉంచే ఈ పద్ధతికి తగిన కాలం ఏప్రిల్, మే నెలలే. ఆరు వారాల ముందే పరచిన ఒక మడిని కోర్సు తొలిరోజున తెరిచి, నీరు పెట్టి, పట్టా కప్పని మడితో పాటు కలుపు మొలకలను వారం వారం లెక్కించాలి. చాలా ఏకవార్షిక కలుపు మొక్కలు తగ్గినా తుంగ గడ్డలు తట్టుకొని మళ్లీ మొలకెత్తడం విద్యార్థులు గమనిస్తారు. ఆ పద్ధతి ప్రయోజనంతో పాటు దాని హద్దు కూడా వారికి బోధపడుతుంది.

ఇందుకు భిన్నంగా పంటల ఉత్పత్తి వంటి కోర్సులు విత్తనం నుంచి కోత వరకు నడవాలి. వాటిని పూర్తి సెమిస్టరులో ఉంచడమే సమంజసం. ఏ కోర్సుకైనా క్షేత్ర పనులను ఉదయం 6 నుంచి 9 గంటలలోపు ముగించడం అవసరం.

మూల్యాంకనం

కోర్సు ముగిసిన మరునాటి పరీక్ష తాజా జ్ఞాపకాన్ని మాత్రమే కొలుస్తుంది. తదుపరి సెమిస్టరు మొదటి నెలలో ఒక చిన్న క్షేత్ర పరీక్ష జరిపి, కొన్ని మార్కులను దానికి కేటాయిస్తే నిలిచిన జ్ఞానం ఎంతో తెలుస్తుంది. విస్తరణ శాస్త్రవేత్తలు నిర్వహించే స్వల్పకాలిక రైతు శిక్షణలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. వరుసగా ఐదు రోజులు జరిపే శిక్షణను విత్తనం, పూత, కోత దశలకు విభజిస్తే, ప్రతి సమావేశానికీ రైతు తన పొలంలో తాను చూసినదాన్ని వెంట తెచ్చుకుంటాడు.