కంప్యూటర్ ఇచ్చాక ఏం కావాలి? - పిల్లల కోడింగ్ చదువు గురించి నాలుగు మాటలు

మన సమాజంలో చదువు కోసం ఇచ్చే చేతులకు కొదవలేదు. ఫీజులు, నోటు పుస్తకాలు, యూనిఫారాలు ఎప్పటినుంచో ఇస్తున్నాం. ఈమధ్య బడులకు, మదర్సాలకు కంప్యూటర్లు ఇచ్చే దాతలు కూడా పెరిగారు, అల్‌హమ్దులిల్లాహ్. వారిలో చాలామంది "పిల్లలకు కోడింగ్ కూడా నేర్పిస్తే బాగుంటుంది కదా" అంటున్నారు. బాగుంటుంది. కోడింగ్ అంటే ఏమిటి, పదేళ్ల పిల్లకు అదెందుకు, మనం ఇచ్చే సొమ్ము అందులో ఎక్కడ పెడితే ఫలితం ఉంటుంది? ఈ మూడు ప్రశ్నలకు ఒక ఉపాధ్యాయ దృష్టితో జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కోడింగ్ అంటే

ఒక పనిని వరుస తప్పకుండా, అనుమానానికి తావు లేకుండా, అంచెలంచెలుగా కంప్యూటరుకు చెప్పడమే కోడింగ్. మన పిల్లలకు ఇది కొత్త ఆలోచన కాదు. మక్తబ్‌లో వుజూ నేర్చుకున్న పిల్లవాడికి ముందు ఏది, తర్వాత ఏది అన్న వరుస తెలుసు. ముఖం 3 సార్లు కడగాలంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయడమని తెలుసు. నీళ్లు దొరకకపోతే తయమ్ముమ్ చేయాలి అన్నప్పుడు "ఇలా అయితే ఇది, లేకుంటే అది" అన్న షరతు కూడా తెలుసు. వరుస, పునరావృతం, షరతు: కోడింగుకు పునాది రాళ్లు ఈ మూడే.

అంచెలంచెలుగా లెక్క చేసే పద్ధతిని ఇంగ్లీషులో అల్గారిథం అంటారు. ఆ మాట పుట్టింది ఒక ముస్లిం పండితుడి పేరు నుంచి. 9వ శతాబ్దంలో ఖలీఫా అల్ మామూన్ కాలంలో బాగ్దాదులో పనిచేసిన గణిత శాస్త్రవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు లాటిన్‌లోకి వెళ్లి అలా మారింది. ఆయన గ్రంథం పేరులోని "అల్ జబ్ర్" నుంచే ఆల్జీబ్రా అన్న మాట వచ్చింది. ఇది చెప్పుకుని గర్వపడడం తేలిక. ఆ విద్య మన పిల్లల చేతికి మళ్లీ అందేలా చూడడమే అసలు పని.

టైపు చేయనక్కర్లేని కోడింగ్

ఒకప్పుడు కోడింగ్ అంటే ఇంగ్లీషులో వరుసలు వరుసలుగా టైపు చేయడం. ఒక్క కామా తప్పినా పని ఆగిపోయేది. పిల్లలకు ఆ ఇబ్బంది లేకుండా అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబులో మిచెల్ రెస్నిక్ బృందం "స్క్రాచ్" అనే వేదికను తయారుచేసి 2007లో అందరికీ విడుదల చేసింది. ముఖ్యంగా 8 నుంచి 16 ఏళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని చేశారు. పూర్తిగా ఉచితం. 5 నుంచి 7 ఏళ్ల చిన్నారుల కోసం "స్క్రాచ్ జూనియర్" 2014లో వచ్చింది.

ఇందులో ఆదేశాలన్నీ రంగురంగుల దిమ్మెల రూపంలో ఉంటాయి. కదిలించేవి నీలం, మళ్లీ మళ్లీ చేయించేవి నారింజ, లెక్కలవి ఆకుపచ్చ. ఒకదానికొకటి అతికేలా అంచులు ఉంటాయి కాబట్టి, పిల్లలు వాటిని మౌసుతో లాగి కింద కింద పేరుస్తారు. పచ్చజెండా బొమ్మ నొక్కగానే తెర మీది పిల్లి ఆ ఆదేశాల ప్రకారం నడుస్తుంది, మాట్లాడుతుంది, బొమ్మలు గీస్తుంది. చదవాల్సిన ఇంగ్లీషు మాటలు కొద్దిగానే ఉంటాయి కాబట్టి, ఉర్దూ మీడియం నుంచి వచ్చిన పిల్లలు కూడా త్వరగా అందుకుంటారు.

కోడ్ డాట్ ఆర్గ్ అనే మరో ఉచిత వేదికలో అంచెలంచెలుగా సిద్ధంగా ఉన్న పాఠాలు దొరుకుతాయి. స్క్రాచ్ తెల్ల కాగితం లాంటిది. కథ చెప్పినా, ఆట తయారుచేసినా, లెక్కల పాఠం చేసినా పిల్లల ఇష్టం.

ఒక చిన్న ఉదాహరణ

స్క్రాచ్‌లో "పెన్" సాయంతో చదరం గీయాలనుకుందాం. 100 అడుగులు ముందుకు నడువు, 90 డిగ్రీలు తిరుగు, దీన్నే 4 సార్లు చెయ్యి. చదరం వచ్చేస్తుంది. ఇప్పుడు సమబాహు త్రిభుజం గీయమంటే దాదాపు ప్రతి పిల్లవాడూ 60 డిగ్రీలు పెడతాడు. త్రిభుజంలో కోణం 60 అని పుస్తకంలో చదివాడు మరి. జెండా నొక్కితే త్రిభుజం రాదు, మూత పడని గిన్నెలా సగం షడ్భుజి వస్తుంది.

ఇక్కడే అసలు చదువు మొదలవుతుంది. పక్కన టీచరు ఉంటే జవాబు చెప్పరు. "నువ్వే ఆ పిల్లివనుకుని నేల మీద నడిచి చూడు, మూల దగ్గర ఎంత తిరిగావు?" అని అడుగుతారు. పిల్లవాడు నడిచి చూసి, తను తిరిగింది లోపలి కోణం కాదు, బయటి కోణమని గ్రహిస్తాడు. 180లోంచి 60 తీస్తే 120. ఆ అంకె పెట్టగానే త్రిభుజం పూర్తవుతుంది. బట్టీ పట్టిన బాహ్య కోణం ఆ రోజు వాడి సొంతం అవుతుంది. ఇంకొంచెం ముందుకు వెళ్లి 135 డిగ్రీలు తిప్పి 8 సార్లు గీయమంటే, ఇస్లామీయ అలంకరణ కళలో మనకు కనిపించే ఎనిమిది కోణాల నక్షత్రం తెర మీద వెలుస్తుంది. జాలీల్లో కనిపించే నక్షత్రం వెనుక లెక్క ఉందని పిల్లలు తమ కళ్లతో చూస్తారు.

టీచరు లేకపోతే? సగం షడ్భుజి దగ్గరే పిల్లవాడు విసిగిపోయి కంప్యూటరులో ఏదో ఆట తెరుస్తాడు. యంత్రం ఒకటే, సాఫ్ట్‌వేర్ ఒకటే. తేడా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

సొమ్ము ఎక్కడ పెట్టాలి

కాబట్టి దాతలకు నా మనవి ఇది. ఈ చదువులో సాఫ్ట్‌వేర్ ఉచితమే. కోడింగ్ పేరుతో పిల్లలకు పెద్ద ఫీజుల కోర్సులు కొనిపెట్టనక్కర్లేదు. ఇంటర్నెట్ లేకపోయినా స్క్రాచ్‌ను కంప్యూటరులో ఎక్కించుకుని వాడుకోవచ్చు. కాస్త పాత కంప్యూటర్లయినా చాలావరకు పనికొస్తాయి. ఇద్దరు పిల్లలకు ఒకటి చాలు, నిజానికి అలాగే మంచిది. ఒకరు పేరుస్తుంటే మరొకరు తప్పు పట్టుకుంటారు.

ఖర్చు పెట్టాల్సింది మనిషి మీద. వారానికి రెండు గంటలు క్రమం తప్పకుండా పిల్లలతో కూర్చునే టీచరుకు శిక్షణ, గౌరవ వేతనం కావాలి. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న మన అమ్మాయిలు ఈ పనికి ఎంతో తగినవారు. మౌసు పాడైతే, కరెంటు తీగ తెగితే బాగుచేయించడానికి కొంత సొమ్ము విడిగా ఉండాలి. ఆ కొద్ది సొమ్ము లేకనే కొన్నిచోట్ల కంప్యూటర్ల మీద గుడ్డ కప్పి గదికి తాళం వేస్తున్నారు. ఆడపిల్లలకు వేరే సమయం కేటాయించాలి. ఇంట్లో ఒక్క ఫోనే ఉంటే అది ముందుగా అన్నదమ్ముల చేతికే వెళుతుంది. కాబట్టి కేంద్రంలో దొరికే ఆ గంటే వాళ్లకు దిక్కు.

తల్లిదండ్రుల భయమూ న్యాయమైనదే. స్క్రాచ్‌లో టీచరు ఖాతా తీసుకుంటే, పిల్లల ఈమెయిల్ అవసరం లేకుండానే వారికి ఖాతాలు ఇచ్చి, పని గమనిస్తూ ఉండవచ్చు. పిల్లల అసలు పేరు, ఫోటో, బడి పేరు ఎక్కడా పెట్టకూడదన్నది మొదటి పాఠం కావాలి.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల దశలోనే కోడింగ్ కార్యకలాపాలు ఉండాలని చెప్పింది. పెద్ద బడుల పిల్లలకు అది ఎలాగూ అందుతుంది. మన బస్తీ పిల్లలకు అందుతుందా లేదా అన్నది చాలావరకు మన చేతిలోనే ఉంది.

విరాళం ఇచ్చిన ఏడాది తర్వాత మీరు అడగాల్సింది కంప్యూటర్ల ఫోటో కాదు. "పిల్లలు తయారుచేసినవి చూపించండి" అని అడగండి. ఒక అమ్మాయి తన ఆటను నడిపించి, అందులో ఏ దిమ్మె ఎందుకు పెట్టిందో మీకు చెప్పగలిగితే మీ సొమ్ము చేరవలసిన చోటికి చేరినట్టే. జకాత్ సొమ్ముకు షరతులున్నాయి కాబట్టి ఉలమాను అడిగి నిర్ణయించుకోండి. ఐచ్ఛిక దానాల విషయంలో మాత్రం, ఒక టీచరును నిలబెట్టడం సదఖా జారియా అవుతుందని ఆశిద్దాం. ఆమె దగ్గర నేర్చుకున్న పిల్ల రేపు మరో పదిమందికి నేర్పుతుంది.

అల్లాహ్ మన దానాలను స్వీకరించి, మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.