కంటికి కానరాని సెగ

పొయ్యిలో నిప్పు నివురుగప్పి కంటికి కానరాకపోయినా, దగ్గరగా చెయ్యి పెడితే సెగ తగులుతుంది. ఇట్లా కంటికి ఆనక వేడిని మోసుకువచ్చే కిరణాలను శాస్త్రజ్ఞులు పరారుణ కిరణాలన్నారు. దూరాన గ్రహాలు పుట్టే తీరును మనకు తెలిపేవి ముఖ్యంగా ఇవే.

కొత్తగా పుట్టిన నక్షత్రం చుట్టూ ధూళి, వాయువులు చక్రంవలె తిరుగుతూ ఉంటాయి. ఆ ధూళి ముద్దకట్టి గ్రహాలవుతుంది. దట్టమైన ధూళిని మామూలు వెలుతురు దాటి రాలేదు. పరారుణం చాలావరకు రాగలదు. పైగా వెచ్చబడిన ధూళి తానే ఈ కిరణాలను వెదజల్లుతుంది. 1983లో ఐరాస్ అనే ఉపగ్రహం, మనం అభిజిత్తు అని పిలుచుకునే నక్షత్రం చుట్టూ ఇటువంటి ధూళినే కనిపెట్టింది.

అయితే మన గాలిలోని నీటి ఆవిరి ఈ కిరణాలలో చాలావాటిని మింగివేస్తుంది. కనుక దూరదర్శినిని పైకి పంపక తప్పదు. ఆ పని మన హైదరాబాదులోనూ జరిగింది. టాటా మౌలిక పరిశోధన సంస్థవారు 100 సెంటీమీటర్ల అద్దంగల దూరదర్శినిని బెలూనుకు కట్టి, సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు పంపి, నక్షత్రాలు పుట్టే మేఘాలను పరిశీలించినారు. 1999 నుండి జపాను శాస్త్రజ్ఞుల పరికరమొకటి కూడ దానికి తోడైనది.

2021 డిసెంబరు 25న బయలుదేరిన జేమ్స్ వెబ్ దూరదర్శిని అద్దం 6.5 మీటర్లు. అది భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్నది. 2022లో అది దాదాపు 700 కాంతి సంవత్సరాల దూరాన వాస్ప్-39బి అనే గ్రహపు గాలిలో బొగ్గుపులుసు వాయువును గుర్తించింది. 2023లో పీడీఎస్ 70 అనే నక్షత్రపు ధూళిచక్రంలో, భూమివంటి గ్రహాలు ఏర్పడదగిన చోటనే, నీటి ఆవిరిని చూపింది.

ఇంతకూ మాండవి వారికి దీనితో పనేమి? 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలోనే ఉన్న మన కిన్వట్ తాలూకాకు హైదరాబాదు పరాయిది కాదు. అక్కడ ఎగిరే బెలూన్ల పరికరాలు పని ముగిసిన తరువాత పారాచూటుతో 200 నుండి 350 కిలోమీటర్ల దూరాన దిగవచ్చును. మన ఊరు ఆ దూరంలోనిదే. ఎప్పుడైనా అటువంటి పెట్టె చేలో పడితే విప్పరాదు, కదల్చరాదు. లోపల విద్యుత్తు ఉండవచ్చును. పోలీసు ఠాణాకో, తపాలా కచేరీకో కబురు చేయవలెను. ఏళ్ళ తరబడి శ్రమించి సిద్ధంచేసిన పరికరం, ఆకాశం చెప్పిన సమాచారం ఆ పెట్టెలో ఉంటాయి. పిల్లలకు ఈ మాట ముందే చెప్పి ఉంచుదాము.