ఆట నుండి అక్షరమునకు

చెడుగుడు బరిలో గుక్క తిప్పుకొనక కూత పెట్టు బాలుడు, పుస్తకము తెరవగానే రెండు పంక్తులకే అలసిపోవును. తెలిసికొనవలెనను కోరిక పుట్టకపోవుటయే కారణము. ఆట ఆ కోరికను పుట్టింపగలదు.

2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో, శ్రీకాకుళము జిల్లాలో పెరిగిన కరణం మల్లీశ్వరి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారత మహిళ ఆమెయే. ఈ మాట తెలియుటకు వార్తాశీర్షిక చాలును. రెండు పద్ధతులలో 110, 130 కిలోలు, మొత్తము 240 కిలోలు ఎత్తెనని తెలియుటకు వార్త అంతయు చదువవలెను.

కావున ఫరంపేట తల్లిదండ్రులారా! దినపత్రికలోని క్రీడాపుటను బిడ్డచేత బిగ్గరగా చదివించి వినుడు. “ఎవరు గెలిచిరి?” అని ఆగక, “ఎట్లు గెలిచిరి?” అని అడుగుడు. చదువురాని తల్లియు ఈ ప్రశ్న వేయగలదు. పుదుచ్చేరి ప్రాంతమున తెలుగువారము కొలదిమందిమి. మన బిడ్డల తెలుగు చదువు నిలుచుటకు ఇంట వినువారుండవలెను.