గిటార్ పరుగుల్లో చిటికెన వేలు

గిటార్ మెడ మీద తీగలు నొక్కే ఎడమచేతిలో పనిచేసే వేళ్లు నాలుగు. చూపుడు వేలు ఒకటి, మధ్యవేలు రెండు, ఉంగరపు వేలు మూడు, చిటికెన వేలు నాలుగు అని గిటార్ పాఠాల్లో లెక్క. బొటనవేలు మెడ వెనక ఆసరాగా నిలుస్తుంది. నెమ్మదిగా సాగే పాటకు మొదటి మూడు వేళ్లతో పని గడిచిపోతుంది. స్వరాలు వేగంగా దొర్లే పరుగుల్లో నాలుగో వేలు లేని లోటు తెలిసిపోతుంది.

కారణం తీగల శ్రుతిలో ఉంది. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే పట్టీల్లో, అంటే ఫ్రెట్లలో, ఒక్కోదానికి ఒక్కో స్వరస్థానం. మామూలు శ్రుతిలో పక్కపక్క తీగల మధ్య ఐదు స్వరస్థానాల ఎడం, అంటే షడ్జమం నుంచి శుద్ధ మధ్యమానికి ఉన్నంత. మూడో తీగకూ రెండో తీగకూ మధ్య మాత్రం నాలుగే. చెయ్యి కదపకుండా ఒక తీగ నుంచి మరో తీగకు స్వరాలు దాటించాలంటే నాలుగైదు ఫ్రెట్లు వేళ్లకు అందాలి.

జీ మేజర్ స్కేల్‌నే తీసుకుంటే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. మన శంకరాభరణం స్వరస్థానాలే దీనివీ. తీగకు మూడు స్వరాల చొప్పున వాయిస్తే ఆరో తీగ మీద 3, 5, 7 ఫ్రెట్లు వస్తాయి. ఐదో తీగ మీదా అవే. నాలుగు, మూడు తీగల మీద 4, 5, 7. రెండు, ఒకటి తీగల మీద 5, 7, 8. ఆరు తీగల మీద మొత్తం 18 స్వరాలు. ప్రతి తీగ మీదా మూడో స్వరం చిటికెన వేలిదే. అంటే పరుగులో మూడో వంతు ఆ ఒక్క వేలి మీదే నడుస్తుంది. దాన్ని పక్కన పెడితే తీగ తీగకూ చెయ్యి జరపాలి, లేదా ఉంగరపు వేలిని బలవంతంగా చాపాలి. రెండూ వేగాన్ని తినేస్తాయి.

చిటికెన వేలు బలహీనమైనదని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కు బలంలో కంటే పొత్తులో ఉంది. వేళ్లను లోతుగా ముడిచే కండరాన్ని మధ్య, ఉంగరపు, చిటికెన వేళ్లు చాలావరకు పంచుకుంటాయి. చిటికెన వేలిని చాపడానికి వేరే కండరం ఉంది, ఉంగరపు వేలికి అదీ లేదు. పైగా చేతి వెనక ఉంగరపు వేలి స్నాయువు పక్క వేళ్ల స్నాయువులతో ముడిపడి ఉంటుంది. అందుకే మూడో వేలు, నాలుగో వేలు మార్చి మార్చి కొట్టే చోట పరుగు తడబడుతుంది. సాధనలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఈ జతకే.

చిటికెన వేలు లేకుండా గొప్పగా వాయించినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 1928లో తన బండికి నిప్పంటుకుని ఎడమచేతి ఉంగరపు, చిటికెన వేళ్లు దెబ్బతిన్న జాంగో రైన్‌హార్ట్, సోలోలను చాలావరకు రెండు వేళ్లతోనే మెరుపులా వాయించాడు. బ్లూస్ వాదకులు చాలామంది మూడు వేళ్లతోనే సరిపెట్టుకుంటారు. తీగను పక్కకు లాగి శ్రుతి పెంచేటప్పుడు ఉంగరపు వేలికి వెనక రెండు వేళ్ల దన్ను దొరుకుతుంది కనుక అక్కడ ఆ పద్ధతే మేలు. కానీ జాంగోకు వేరే దారి లేదు. నాలుగు వేళ్లూ బాగున్నవారు ఆ దారినే ఆదర్శంగా పట్టుకోనక్కర్లేదు.

సాధనకు చోటు ఎంచుకోవడం ముఖ్యం. 648 మిల్లీమీటర్ల తీగ పొడవున్న గిటార్‌లో మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కు దాదాపు 97 మిల్లీమీటర్లు. ఏడు నుంచి పదికి 69 మాత్రమే. కొత్తవారు ఏడో ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టి, చెయ్యి అలవాటుపడ్డాక కిందికి దిగడం మంచిది. బొటనవేలిని మెడ వెనక మధ్యకు తెస్తే చిటికెన వేలికి అందుబాటు పెరుగుతుంది. తీగను ఫ్రెట్‌కు పక్కనే వేలి కొనతో నొక్కితే తక్కువ ఒత్తిడికే స్వరం పలుకుతుంది. వాయించని సమయంలో చిటికెన వేలు గాలిలోకి ఎగిరిపోకుండా, అరచేతి కిందికి ముడుచుకుపోకుండా తీగలకు దగ్గరలోనే ఉండాలి. వేగం వచ్చేది ఈ దగ్గరితనం వల్లే.

మెట్రోనోమ్‌ను నిమిషానికి 60కి పెట్టి, దెబ్బకు రెండు స్వరాల చొప్పున 1-2-4, 1-3-4, తర్వాత 3-4-3-4 వరుసలు వాయించాలి. అన్ని స్వరాలూ ఒకే గట్టితనంతో వినిపించాకే వేగం కొద్దిగా పెంచాలి. ముంజేయి బిగుసుకున్నా, వేలిలో నొప్పి పుట్టినా ఆ పూటకు ఆపేయాలి. నొప్పి రోజుల తరబడి తగ్గకపోతే వైద్యుడికి చూపించుకోవాలి.