బోరు బిట్టు వేలికి తొడిగితే

తంగళ్ళపల్లి నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. పెళ్లికి స్నేహితులు ఆన్‌లైన్‌లో తెప్పించి టంగ్‌స్టన్ ఉంగరం పెట్టారట. ఇన్నాళ్లైనా దాని మీద ఒక్క గీత పడలేదట. ఈ మధ్య ఆయన కాస్త లావయ్యారు, ఉంగరం కణుపు దాటి రావడం లేదు. సిరిసిల్లలో అవుసులాయన దగ్గరికి వెళితే ఆకురాయితో రాకి చూసి, అరిగింది ఆకురాయే గాని ఉంగరం కాదని గమనించి, "ఇది నాతోని కాదన్నా" అని పంపించేశాడట. "రేపు వేలు వాస్తే ఉంగరం కోయలేక వేలే కోస్తారా?" అని ఆయన ప్రశ్న.

కోయరు. జవాబు ఇంతే. కానీ ఎందుకు కోయనక్కర్లేదో తెలిస్తే మీకూ సరదాగా ఉంటుంది.

ముందు ప్రమాదం సంగతి చెప్పేస్తాను. వేలికి రక్తం తెచ్చే ధమనుల్లో ఒత్తిడి ఎక్కువ, వెనక్కి తీసుకెళ్లే సిరల్లో తక్కువ. ఉంగరం బిగిస్తే ముందు నొక్కుకుపోయేవి సిరలే. వచ్చేది వస్తూనే ఉంటుంది, పోయే దారి మూసుకుపోతుంది. వేలు వాస్తుంది. వాచినకొద్దీ ఉంగరం ఇంకా బిగుస్తుంది. ఆఖరికి ధమనీ మూసుకుపోతే వేలు చచ్చుబడుతుంది. ఇందులో లోహం తప్పేమీ లేదు, పుత్తడైనా ఇత్తడైనా అంతే. కాకపోతే బంగారమైతే ఆసుపత్రిలో చిన్న రంపపు చక్రం ఉన్న కట్టర్‌ తెచ్చి, దాని నాలుకను ఉంగరం కిందకి దూర్చి నాలుగు తిప్పులు తిప్పితే తెగిపోతుంది. మన పాఠకుడి ఉంగరం మీద ఆ చక్రం పళ్లే అరిగిపోతాయి.

టంగ్‌స్టన్ అని అమ్ముతున్నది ఒట్టి టంగ్‌స్టన్ కాదు, టంగ్‌స్టన్ కార్బైడ్. టంగ్‌స్టన్, కార్బన్ కలిసిన సన్నటి గింజలకు కోబాల్టో నికెలో జిగురుగా చేర్చి, అచ్చులో నొక్కి, కొలిమిలో కాలుస్తారు. స్వభావంలో అది లోహం కంటే పింగాణీకే దగ్గర. (జగిత్యాల మామిడికాయల దగ్గర వినిపించే కార్బైడ్ కాల్షియంది. దానికీ దీనికీ సంబంధం లేదు.) దీన్ని పుట్టించింది నగల కోసం కాదు. బల్బుల కంపెనీ ఓస్రాంలో టంగ్‌స్టన్ తీగను సన్నగా లాగే అచ్చులు ఊరికే అరిగిపోతుంటే, కార్ల్ ష్రోటర్ అనే జర్మన్ 1923లో కోబాల్ట్ జిగురు ఉపాయం పట్టాడు. తర్వాత క్రుప్ కంపెనీ దాన్ని విడియా పేరుతో అమ్మింది. మన లేత్ మెకానిక్‌లు ఇప్పటికీ విడియా టిప్ అనేది దాన్నే. మన ఊళ్లలో దీన్ని చూడనివారుండరు. బోరు బండి బిట్టు మూతికి పొదిగిన గుండ్రటి బటన్లు ఇవే. నల్లరాతిని వందల అడుగుల లోతుకు పిండి చేసుకుంటూ పోయే సరుకును పెళ్లికొడుకు వేలికి తొడిగారన్నమాట!

రాతినే పిండి చేసేది ఏ పనిముట్టుకు లొంగుతుంది? ఇక్కడే అందరూ పొరపాటు పడతారు. గట్టిదనం వేరు, విరగకుండా తట్టుకునే గుణం వేరు. ఈ రెంటినీ ఒకటే అనుకున్నవాళ్లలో పెద్దపెద్దవాళ్లున్నారు. రోమన్ పండితుడు ప్లినీ, వజ్రాన్ని దాయి మీద పెట్టి సుత్తితో కొడితే సుత్తే పగులుతుందని, మేక నెత్తురులో నానబెడితే తప్ప వజ్రం విరగదని రాసి పెట్టాడు. నిజానికి ఒక్క సుత్తి దెబ్బ చాలు. 1812లో ఫ్రెడరిక్ మోస్ ఇచ్చిన కొలబద్దనే ఉంగరాల వ్యాపారులు ఈ రోజుకీ ప్రకటనల్లో వాడుకుంటారు. ఆ కొలబద్ద చెప్పేది ఏది దేన్ని గీకుతుందన్న సంగతి ఒక్కటే. ఏది దేనికి విరుగుతుందో అది చెప్పదు, మోస్ చెప్పాననీ అనలేదు.

చెప్పినవాడు గ్రిఫిత్. ఇంగ్లండులో ఫార్న్‌బరో విమాన పరిశోధనాలయంలో గాజు తీగలను లాగి తెంపుతూ కూర్చున్నాడాయన. అణువుల మధ్య బంధాల లెక్క ప్రకారం గాజు ఉండాల్సినంత బలంగా ఎందుకు లేదన్నది ఆయన బాధ. 1921లో అచ్చయిన వ్యాసంలో జవాబిచ్చాడు: ప్రతి వస్తువులోనూ కంటికి కనిపించని బీటలుంటాయి. వస్తువును లాగితే ఆ లాగుడంతా బీట కొసకు చేరుతుంది. బంగారంలాంటి మెత్తటి లోహమైతే అక్కడి అణువుల పొరలు జారి, బీట కొస మొద్దుబారి, పగులు ఆగిపోతుంది. గాజులో, కార్బైడ్‌లో ఆ జారుడు లేదు. హద్దు దాటిన బీట ఇక ఆగదు, రెప్పపాటులో ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెడుతుంది. ఇంత గొప్ప మాట చెప్పినాయన ఆ తర్వాత జెట్ ఇంజన్ల వైపు వెళ్లి, 1939లో రోల్స్ రాయిస్‌లో చేరిపోయాడు.

బీట లాగితేనే తెరుచుకుంటుంది, నొక్కితే మూసుకుంటుంది. బోరు బిట్టు బటన్‌ను రాయి ఎప్పుడూ నొక్కుతూనే ఉంటుంది గనక అది నిలుస్తుంది. మరి విరగ్గొట్టడానికి ఉంగరాన్ని కూడా పైనుంచి కిందికి నొక్కుతాం కదా, లాగుడు ఎక్కడిది? అందమంతా అక్కడే ఉంది. గుండ్రటి ఉంగరాన్ని రెండు వైపుల నుంచి నొక్కితే అది కోడిగుడ్డు ఆకారంలోకి పోవాలని చూస్తుంది. నొక్కిన చోట వంపు కాస్త చదునవుతుంది. అక్కడ బయటి అంచు కుంచించుకుంటుంది, లోపలి అంచు సాగుతుంది. చర్మానికి ఆనుకుని, చేతికందని ఆ లోపలి అంచు మీద లాగుడు పుడుతుంది. బీట మొదలయ్యేది అక్కడే.

అందుకే డాక్టర్లు వైస్ గ్రిప్ ప్లయర్ వాడతారు. దాని దవడలను ఉంగరానికి సరిగ్గా ఆనేలా పెట్టి, వదిలి, మర పావు చుట్టు బిగించి, మళ్లీ పడతారు. ఇలా కొద్దికొద్దిగా, అవసరమైతే చోటు మారుస్తూ పోతే టప్పున శబ్దం వస్తుంది, ఉంగరం ముక్కలవుతుంది.

"లోపల వేలు నలిగిపోదా?" అనే భయం సహజం. రెండు మిల్లీమీటర్లకు కొంచెం పైగా మందం, ఆరు మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఉంగరానికి నేను కాగితం మీద లెక్క కట్టి చూశాను. విరగడానికి దాదాపు 300 కిలోల బరువంత నొక్కుడు పట్టవచ్చు. కానీ కార్బైడ్ బిరుసుదనం ఉక్కుకు దాదాపు మూడు రెట్లు. విరిగే క్షణానికి ఉంగరం లోపలికి వంగేది మిల్లీమీటరులో ఏడో వంతు మాత్రమే! అప్పడం కూడా విరిగే ముందు ఇంతకంటే ఎక్కువే వంగుతుంది. 300 కిలోలూ ఉంగరమే మోస్తుంది, వేలి దాకా రానివ్వదు. విరిగిన అంచులు మాత్రం గాజుపెంకుల్లా పదునుగా ఉంటాయి గనక కళ్లకు అద్దాలు, ఉంగరం మీద గుడ్డ తప్పనిసరి. ఆ పని ఆసుపత్రిలోనే చేయించుకోవాలి.

ఇదే పని టైటానియం ఉంగరానికో, వేములవాడ గుడి ముందు కొన్న స్టీలు ఉంగరానికో చేశారా, వేలు నిజంగానే నలుగుతుంది. అవి విరగవు, వంగుతాయి. వాటిని కోయాలి. టైటానియం కోయలేరన్న ప్రచారం ఒట్టిదే, కట్టర్ చక్రానికి అది తెగుతుంది. కాస్త ఓపిక కావాలి. టైటానియంలో వేడి త్వరగా పాకదు, కోసిన చోటే నిలిచిపోతుంది. అందుకని నీళ్లు చుక్కలుగా పోస్తూ ఆగి ఆగి కోయాలి. ఎక్కువ గట్టిగా ఉన్నది చిటికెలో పోవడం, తక్కువ గట్టిది సతాయించడం చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది.

ఇక ఉపయోగం సంగతి అడుగుతారు కాబట్టి చెబుతాను. ఉత్తరం రాసినాయన బద్దెనపల్లి టెక్స్‌టైల్ పార్కులో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతారట. నాకు వాపు కంటే ఎక్కువ భయం అక్కడే. తిరిగే బెల్టుకో, పళ్ల చక్రానికో ఉంగరం తగులుకుంటే వేలి చర్మం తొడుగులా ఊడి వచ్చేస్తుంది. ఇలాంటి గాయాలను అమెరికా సర్జన్ ఉర్బేనియాక్ 1981లో మూడు తరగతులుగా విడగొట్టాడు. రక్తం ఇంకా ఆడుతున్నది మొదటిది, చర్మం పూర్తిగా ఊడిందో వేలే తెగిందో అయితే మూడోది. పల్చటి బంగారపు ఉంగరమైతే సాగి తెరుచుకునే అవకాశం కాస్తయినా ఉంటుంది. కార్బైడ్ సాగదు. విరగొచ్చు, విరగకపోవచ్చు. విరిగేదాకా వేలు ఆగాలి కదా!

కాబట్టి ఆ పాఠకుడికి నా మాట ఇది. వేలు ఇంకా మామూలుగానే ఉంది గనక చెయ్యి పైకెత్తి పట్టుకుని, చల్లనీళ్లలో ముంచి, సబ్బు రాసి ప్రయత్నించండి. రాకపోతే దారం చిట్కా ఉంది. సన్నటి గట్టి దారం ఒక కొసను ఉంగరం కింద నుంచి అరచేతి వైపు లాగి, మిగతాది ఉంగరం ముందు నుంచి కణుపు దాటేదాకా దగ్గరదగ్గరగా చుట్టి, అరచేతి వైపు కొసను విప్పుతూ పోతే ఉంగరం దారం మీదుగా జరుగుతుంది. వేలికి గాయమున్నా, ఎముక విరిగి ఉన్నా ఇది చేయొద్దు. వేలు పాలిపోయినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా చిట్కాలు మాని సీదా ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ మొదటి మాటగా ఉంగరం ఏ లోహందో చెప్పండి. విరగ్గొట్టాలా, కోయాలా అన్నది దాన్నిబట్టే తేలుతుంది, చూపుకు ఈ ఉంగరాలన్నీ ఒకేలా ఉంటాయి. ఉంగరం వచ్చాక మళ్లీ తొడుక్కోవాలనిపిస్తే తొడుక్కోండి గాని, సాంచ దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం జేబులో వేసుకోండి.