టారో కార్డులు – ఆత్మపరిశీలన

వీధిమలుపులో పంజరం నుండి వెలుపలికి వచ్చి, ముక్కుతో ఒక చీటీ లాగి ఇచ్చే చిలకను చూడని తెలుగువారు అరుదు. ఆ చీటీకి అర్థం చెప్పేది మాత్రం చిలక కాదు, పక్కన కూర్చున్న మనిషి. పాశ్చాత్యుల టారో కార్డులను గురించి విన్నప్పుడల్లా నాకు ఆ చిలకే జ్ఞప్తికి వచ్చేది. ఆ చులకన భావం ఇటీవల కొంత సడలినది.

నిజానికి టారో జోస్యం కొరకు పుట్టలేదు. 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో అదొక పేకాట. మిలాన్ ప్రభువుల కొరకు బంగారు రేకు అద్ది చిత్రించిన కార్డులు నేటికీ భద్రంగా ఉన్నాయి. 1781లో కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచి పండితుడు ఇది ప్రాచీన ఈజిప్టు విజ్ఞానమని ప్రకటించాడు. ఈజిప్టు చిత్రలిపి రహస్యాన్ని షాంపోలియన్ ఛేదించినది 1822లో గనుక, ఆ ప్రకటన బలమెంతో పాఠకులే ఊహించగలరు! అయినా జోస్యానికి పునాది పడనే పడింది. 1909లో లండన్‌లో వెలువడిన కార్డులకు ఎ.ఇ. వెయిట్ సూచనలపై పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి బొమ్మలు గీసింది. మొత్తం 78 కార్డులు: 22 పెద్దవి, 56 చిన్నవి. అంతకు పూర్వం చిన్న కార్డులపై సాధారణంగా గుర్తులే తప్ప సన్నివేశాలు ఉండేవి కావు. ఆమె ప్రతి కార్డుపైనా ఒక సన్నివేశాన్ని నిలిపింది. చూచేవారు తమ కథను అందులో వెదకుకొనుటకు వీలు కలిగినది అప్పుడే. ఓరకిల్ కార్డులకు ఇట్టి నియమిత సంఖ్య లేదు.

రానున్నది చెప్పే శక్తి వీటికి ఉన్నదనుటకు నిదర్శనం లేదు. కార్డు చెప్పినదని మందులు మానినవారికి కార్డు తోడురాదు.

నాకు ప్రమోషన్‌తో పాటు దూరప్రాంతానికి బదిలీ ఉత్తర్వు వచ్చినది. ఇంట్లో ఎనభై దాటిన తల్లి. వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. సెలవులకు వచ్చిన మా అమ్మాయి తన కార్డుల కట్ట తెచ్చి, "ఒకటి తీయి నాన్నా. అర్థం నేను చెప్పను. ఇందులో నీకేం కనిపిస్తోందో నువ్వే చెప్పు" అన్నది.

వచ్చినది ఎనిమిది పాత్రల కార్డు. చంద్రుని క్రింద ఒకడు కర్ర పట్టుకొని కొండలవైపు పోతున్నాడు. వెనుక పేర్చిన పాత్రలు, పై వరుసలో ఒక ఖాళీ. "వీడు ఎవరికీ చెప్పకుండా పోతున్నాడు" అన్నాను అనాలోచితంగా. అమ్మాయి మాట్లాడలేదు. నన్ను బాధించినది దూరం కాదని, అమ్మతో ఆ మాట చెప్పలేకపోవుటేనని అప్పుడు తెలిసినది.

ఆ రాత్రే చెప్పాను. అమ్మ కొంతసేపు ఊరకుండి, "మీ నాన్నగారి వెంట తొమ్మిది ఊళ్లు తిరిగినదాన్ని. పదో ఊరికి రానని ఎవరన్నార్రా? నా తులసి కుండీని మాత్రం లారీలో వేయకు, నేనే ఒళ్లో పెట్టుకుంటాను" అన్నది.