మూడు పుష్కర నదులు, వాటి పక్కన మూసీ

దేశంలో పుష్కరాలు జరిగే నదులు పన్నెండు. వాటిలో కృష్ణ, భీమ, తుంగభద్ర మూడూ ఉమ్మడి పాలమూరు అంచులోనే ఒకటవుతాయి. బృహస్పతి కన్యలో ఉంటే కృష్ణకు, వృశ్చికంలో భీమకు, మకరంలో తుంగభద్రకు పుష్కరం. 2016 ఆగస్టు, 2018 అక్టోబరు, 2020 నవంబరు... నాలుగేళ్లలో మూడు పుష్కరాలు చూసిన మెట్ట నేల ఇది.

మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణ తెలంగాణ గడప తొక్కేది నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర. అక్కడే భీమ వచ్చి కలుస్తుంది. పండరిపురంలో విఠలుడి ముందు చంద్రభాగ అని పిలిపించుకునేది ఈ భీమే. కాస్త దిగువన, నది నడుమ లంకలో కురువపురం. శ్రీపాద శ్రీవల్లభుల తపోభూమి. మక్తల్ వైపు పంచదేవ్‌పహాడ్ నుంచి పుట్టి ఎక్కి దాటే భక్తులు ఇప్పటికీ ఉన్నారు.

ఇక అలంపురం. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యులు నిలిపిన తొమ్మిది గుళ్లకు నవబ్రహ్మ ఆలయాలని పేరు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అని పిలుస్తారు గానీ అన్నింటా ఉన్నది శివుడే. శ్రీశైలానికి ఇది పశ్చిమ ద్వారం. ఇక్కడి జోగులాంబ గుడి పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఒకటి. తుంగభద్ర, కృష్ణ కలిసే కూడవెల్లిలో ఉండిన సంగమేశ్వరాలయం శ్రీశైలం జలాశయంలో మునిగిపోయే పరిస్థితి వస్తే, రాయి రాయీ విప్పి అలంపురం తెచ్చి మళ్లీ పేర్చారు. సంగమం పేరు మోసే గుడి సంగమానికి దూరమైంది. అయినా గుడి దక్కింది. ఆ పని చేసినవాళ్లకు మనం రుణపడి ఉండాలి.

పుణ్యక్షేత్రాలు ఇన్ని ఉన్నా, నది లోతున పారింది, ఊళ్లు మిట్టన ఉన్నాయి. ఏటికి పోయి మునిగొచ్చిన నల్లగొండ మనిషి ఇంటికొచ్చి ఫ్లోరైడ్ నీళ్లే తాగాడు. పాలమూరు మనిషి కూలికి వలస పోయాడు. ఈ మాట చెప్పకుండా ఇక్కడి కృష్ణమ్మ మహిమ చెప్పడం నాకు చేతకాదు.

నల్లగొండ జిల్లాలో చూడాల్సిన సంగమం దామరచర్ల మండలం వాడపల్లి. కృష్ణలో మూసీ కలిసే చోటు. ఇక్కడి అగస్త్యేశ్వరుడి లింగం నడినెత్తిన చిన్న గుంట ఉంటుంది, అందులో నీళ్లు ఎప్పుడూ ఇంకవు. పావురాన్ని కాపాడటానికి శివుడు బోయవాడికి తన తల మాంసమే ఇచ్చాడని, ఆ గాయమే ఇదని స్థలపురాణం. దగ్గర్లోనే లక్ష్మీనరసింహుడి గుడి. గర్భాలయంలో రెండు దీపాలు: స్వామి ముక్కుకు ఎదురుగా ఉన్నది రెపరెపలాడుతుంది, పాదాల దగ్గరిది కదలదు. స్వామి ఊపిరే ఆ కదలిక అంటారు పూజారులు.

మూసీ పుట్టింది వికారాబాద్ అనంతగిరి కొండల్లో. ముచుకుందుడు శ్రీకృష్ణుడి పాదాలు కడిగిన నీరే నదిగా పారిందని, అందుకే ముచుకుందా నది అన్నారని కథ. పన్నెండు నదుల వరుసలో దీనికి చోటు లేదు, పుష్కరమూ లేదు. పుట్టుక, ప్రవాహం, సంగమం అన్నీ తెలంగాణలోనే జరిగే ఈ నది హైదరాబాద్ దాటేసరికి మహానగరం మురుగంతా మోసుకుని నల్లగొండ పొలాల్లోకి వస్తుంది. ఆ నీళ్లతోనే రైతు వరి పండిస్తాడు, ఆ నీళ్లే చివరికి వాడపల్లిలో కృష్ణలో కలుస్తాయి. సంగమ స్నానానికి పుణ్యం రెండు నదుల వల్ల వస్తుందని నమ్మేవాళ్లం, ఒకదాన్ని పూజించి రెండోదాన్ని మురికి కాలువ చేయడం ఏ ధర్మం?

మళ్లీ కృష్ణా పుష్కరాలు 2028లో. వాడపల్లిలో ఘాట్లకు మెట్లు కట్టే ముందే, ఎగువన హైదరాబాద్‌లో ప్రతి మురుగు చుక్కనూ శుద్ధి చేశాకే మూసీలోకి వదలాలి. ప్రభుత్వాన్ని ఆ మాట గట్టిగా అడగాల్సింది నల్లగొండవాళ్లే కాదు, ఆ మురుగు వదులుతున్న హైదరాబాద్‌వాళ్లూ.